చిన్న వ్యాపారానికి ప్రకటన తయారుచేయడం ఎలా: ఆవకాయ ఉదాహరణతో సమగ్ర మార్గదర్శి

మన ఊళ్ళలో ఏ బజారులో నడిచినా ఒకే రకం మాటలు కనిపిస్తాయి. "నాణ్యతకు మారుపేరు", "సరసమైన ధరలు", "నమ్మకానికి చిరునామా", "ఒక్కసారి విచ్చేయండి". చీరల షాపుకీ ఇవే, చెప్పుల షాపుకీ ఇవే. ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపులో నిలబడి పది నిమిషాల్లో మ్యాటర్ ఇవ్వమంటే ఎవరికైనా ఇవే గుర్తొస్తాయి. కానీ ఆ ఫ్లెక్సీకి డబ్బు కట్టేది, చాలాసార్లు, అప్పు చేసి షాపు పెట్టుకున్న మనిషి. ఆ డబ్బు ఎవరికీ పట్టని మాటల మీద పోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. కొద్దిగా శ్రద్ధ పెడితే అదే ఖర్చుతో పని జరిగే ప్రకటన తయారుచేయొచ్చు.

ఉదాహరణకి ఒక ఇంటి పచ్చళ్ళ వ్యాపారం తీసుకుందాం. ఊరు రాజమండ్రి. ఇద్దరు ముగ్గురు కలిసి ఆవకాయ, గోంగూర, ఉసిరికాయతోపాటు చికెన్, మటన్ పచ్చళ్ళు కూడా పెట్టి అమ్ముతున్నారు. వీళ్ళకి ప్రకటన కావాలి. మీది టైలరింగ్ అయినా, ట్యూషన్ సెంటర్ అయినా పద్ధతి ఇదే.

1. కౌంటర్ దగ్గర వినండి

ఒక నోటుబుక్కు కౌంటర్ మీద పెట్టుకోండి. వచ్చినవాళ్ళు అడిగే ప్రతి ప్రశ్నా వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. దాన్ని మీ భాషలోకి మార్చొద్దు. పచ్చళ్ళ షాపులో వినిపించే ప్రశ్నలు ఇలా ఉంటాయి: "ఏ నూనె వేశారండీ?", "వెల్లుల్లి లేకుండా ఉందా?", "ఉప్పు ఎక్కువేస్తారా?", "ముక్క గట్టిగా ఉంటుందా, నాలుగు నెలలకే మెత్తబడిపోతుందా?", "మా అబ్బాయి అమెరికా వెళ్తున్నాడు, సూట్‌కేసులో కారకుండా ప్యాక్ చేస్తారా?"

ఈ ప్రశ్నల్లో "మీది నాణ్యమైనదేనా?" అన్నది లేదు. కొనేవాళ్ళ మనసులో ఉండే భయాలు చాలా చిన్నవి, స్పష్టమైనవి. ఆ భయాన్ని పేరు పెట్టి తీర్చిన ప్రకటనే వాళ్ళని ఆపుతుంది. ఈ గైడ్‌లో మిగతావన్నీ మర్చిపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి.

కొన్నవాళ్ళని రెండు మాటలు అడగండి: "ఎవరికోసం తీసుకుంటున్నారు? మా గురించి ఎలా తెలిసింది?" కొనకుండా వెళ్ళిపోయేవాళ్ళు ఏమన్నారో కూడా రాసుకోండి. తర్వాత గూగుల్ మ్యాప్స్‌లో, అమెజాన్‌లో మీలాంటి వస్తువులకి ఒక స్టార్ ఇచ్చినవాళ్ళ రివ్యూలు చదవండి. నూనె కారిందని ఒకరు, ఉప్పు కషాయంలా ఉందని ఇంకొకరు రాసి ఉంటారు. అక్కడ మీకు కావలసిన ముడిసరుకు ఉచితంగా దొరుకుతుంది.

2. ఒక్కరిని ఎంచుకోండి, ఒక్క మాట చెప్పండి

నోటుబుక్కు తిరగేస్తే కస్టమర్లు కొన్ని గుంపులుగా కనిపిస్తారు. ఒకప్పుడు ఇంట్లోనే జాడీల కొద్దీ ఆవకాయ పెట్టి, ఇప్పుడు ఓపిక లేక కొంటున్న గృహిణులు. హైదరాబాదు హాస్టళ్ళలో ఉండి పావుకిలో చాలనుకునే కుర్రాళ్ళు. వెల్లుల్లి ముట్టనివాళ్ళు. పిల్లల్ని విదేశాలకి పంపుతున్న అమ్మానాన్నలు.

ఈ నలుగురికీ ఒకే కరపత్రంలో చెప్పాలనిపిస్తుంది. కాగితం ఎలాగూ ఒకటే కదా, అన్నీ పెడదాం అనుకుంటారు. వద్దు. హాస్టల్ కుర్రాడికి సూట్‌కేసు ప్యాకింగ్ అక్కర్లేదు, తల్లిదండ్రులకి పావుకిలో డబ్బా అక్కర్లేదు. తనకి పట్టని రెండు లైన్లు కనిపించగానే చదివేవాళ్ళ చూపు పక్కకి పోతుంది. ఈసారికి ఒక గుంపుని ఎంచుకోండి, మిగతావాళ్ళకి వేరే ప్రకటన వేయండి. మన ఉదాహరణలో తల్లిదండ్రులని ఎంచుకుందాం. వాళ్ళకి అవసరం ఎక్కువ, తేదీ దగ్గరపడుతుంది, ప్యాకింగ్ బాగుంటే ధర దగ్గర పెద్దగా బేరం ఆడరు.

3. రుజువు పోగుచేయండి

"శుభ్రంగా చేస్తాం" అని రాస్తే నమ్మడానికి ఏమీ లేదు. "కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, టెంకతో సహా కొట్టి, జీడి తీసి, ఒక్కో ముక్కా గుడ్డతో తుడుస్తాం" అంటే చదివేవాళ్ళ కళ్ళకి కనిపిస్తుంది. "ఇదేముంది, ఆవకాయ పెట్టే ప్రతి ఇంట్లోనూ చేసేదే కదా" అంటారేమో. అవును. అయినా రాయండి.

అమెరికాలో క్లాడ్ హాప్కిన్స్ అనే ప్రకటనల రచయిత వంద సంవత్సరాల కిందటే ఈ పని చేశాడు. ష్లిట్జ్ అనే బీరు కంపెనీకి ప్రకటన రాయాల్సి వచ్చినప్పుడు ఫ్యాక్టరీ అంతా తిరిగి చూశాడు. సీసాల్ని ఆవిరితో శుభ్రం చేయడం లాంటివి అతనికి కొత్తగా అనిపించాయి. అన్ని కంపెనీలూ అదే చేస్తాయి, చెప్పడానికేముంది అని కంపెనీవాళ్ళు అన్నారు. కానీ కొనేవాళ్ళకి ఎవరూ చెప్పలేదు కాబట్టి, ముందు చెప్పిన కంపెనీకే ఆ పేరు దక్కింది. మీ పనిలో మీకు మామూలైపోయిన విషయాలు బయటివాళ్ళకి మామూలువి కావు. వంటగదిలోకి ఒక కొత్త మనిషిని తీసుకెళ్ళి, ఏం చూసి ఆశ్చర్యపోతారో గమనించండి.

మన పచ్చళ్ళవాళ్ళ జాబితా ఇలా ఉండొచ్చు: గానుగ నువ్వుల నూనె, మిల్లులో కాకుండా ఇంట్లో కొట్టిన ఆవపిండి, మూడో రోజు తిరగ కలిపి ఉప్పు చూసుకోవడం, ప్యాకెట్ మీద పెట్టిన తేదీ, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చిన 14 అంకెల నంబరు. ఇందులో నిజం కానిది ఒక్కటీ ఉండకూడదు. గానుగ నూనె సగమే వేస్తుంటే ఆ లైను తీసేయండి.

తర్వాత ప్రతి వాక్యానికీ ఒక పరీక్ష పెట్టండి. మీ పేరు బదులు పక్క షాపు పేరు పెట్టి చదవండి. వాక్యం ఇంకా అతికినట్టే ఉంటే అది మీ వాక్యం కాదు, కొట్టేయండి. "నాణ్యతకు మారుపేరు" ఈ పరీక్షలో ఎప్పుడూ ఓడిపోతుంది.

4. రాయండి

పై లైనుకే ఎక్కువ సమయం ఇవ్వండి, ఎందుకంటే చాలామంది చదివేది అదొక్కటే. కొన్ని ప్రయత్నాలు చూద్దాం.

"రుచికరమైన గోదావరి పచ్చళ్ళు". ఎవరైనా రాయగలరు.

"అమ్మ చేతి రుచి". ఒకప్పుడు బాగుండేది, ఇప్పుడు ప్రతి సీసా మీదా ఉంది.

"విదేశాలకు ప్రత్యేక ప్యాకింగ్ సౌకర్యం కలదు". విషయం సరైనదే, కానీ నోటీసు బోర్డు భాష. ఇలా ఎవరూ మాట్లాడరు.

"అబ్బాయి అమెరికా సూట్‌కేసులో ఆవకాయ పెడుతున్నారా?" ఇది ఎంచుకున్న మనిషిని నేరుగా పిలుస్తుంది. ఆగస్టులో కొడుకుని పంపుతున్న తల్లి దీన్ని దాటి వెళ్ళలేదు.

పై లైను పిలిచింది కాబట్టి రెండో లైను వెంటనే జవాబివ్వాలి. మొత్తం ఇలా వస్తుంది:

*అబ్బాయి అమెరికా సూట్‌కేసులో ఆవకాయ పెడుతున్నారా?*
*నూనె కారకుండా మూడు పొరల్లో ప్యాక్ చేసి ఇస్తాం. కారితే ఫోటో పంపండి, డబ్బు వాపసు ఇస్తాం.*
*ఈ మే నెలలో పెట్టిన ఆవకాయ. గానుగ నువ్వుల నూనె. పెట్టిన తేదీ ప్రతి ప్యాకెట్ మీద ఉంటుంది.*
*అర కిలో 350 రూపాయలు, ప్యాకింగ్‌తో కలిపి.*
*ప్రయాణానికి రెండు రోజుల ముందు వాట్సాప్ చేయండి. చెకిన్ బ్యాగులోనే పెట్టండి. మాంసం పచ్చళ్ళని అమెరికాలోకి రానివ్వరు, కాబట్టి ఆ ప్రయాణానికి చికెన్, మటన్ పచ్చళ్ళు మా దగ్గర తీసుకోకండి.*

చివరి వాక్యం చూసి కొందరు వ్యాపారులు కంగారుపడతారు. అమ్మకం పోతుంది కదా అని. కానీ ఎయిర్‌పోర్టులో పిల్లాడు ఇబ్బంది పడకూడదని ముందే చెప్పిన షాపు మీద కలిగే నమ్మకం మరే విశేషణంతోనూ రాదు. ఈ మొత్తంలో నాకు బాగా నచ్చిన వాక్యం అదే.

"ఒక్క చుక్క కూడా కారదు" అని ఎందుకు రాయలేదంటే, సామాను విసిరేసే చోట ఏదో ఒకటి చితకొచ్చు. మీ చేతిలో లేనిదానికి మాట ఇవ్వకండి. డబ్బు వాపసు ఇవ్వడం మీ చేతిలో ఉంది, దానికి ఇవ్వండి.

ధర దాచకండి. "ధరకై సంప్రదించండి" అంటే ఖరీదెక్కువేమో అనుకుంటారు, లేదా మనిషిని బట్టి చెబుతారని అనుమానిస్తారు. చేయమని చెప్పే పని కూడా ఒకటే ఉండాలి. ఫోన్ చేయండి, షాపుకి రండి, పేజీ ఫాలో అవ్వండి, స్కాన్ చేయండి అని నాలుగు చెబితే ఏదీ చేయరు.

ఏ ప్రాంతంలో వేస్తే ఆ ప్రాంతం మాట వాడండి. తెలంగాణ పల్లెల్లో పంచే కాగితానికి మామిడికాయ తొక్కు అన్నమాట దగ్గరగా ఉంటుంది, సీమలో ఊరగాయ అంటే చాలు. రాసినదాన్ని బయటికి గట్టిగా చదవండి. నాలుక ఎక్కడ తడబడితే అక్కడ విరగ్గొట్టండి. ఆపైన వ్యాపారంతో సంబంధం లేని పొరుగింటివాళ్ళకి ఒక్కసారి చూపించి కాగితం వెనక్కి తీసుకుని, "ఇందులో ఏం అమ్ముతున్నారు, ఎవరికి?" అని అడగండి. చెప్పలేకపోతే తిరగరాయాలి.

5. ఫోటో, అక్షరాలు, గొంతు

ఇంటర్నెట్‌లో దొరికిన ఆవకాయ ఫోటో పెట్టకండి. మీ సీసా, మీ ముక్క, మీ చెయ్యే కనిపించాలి. ఉదయం పూట కిటికీ పక్కన మామూలు ఫోన్‌తో తీసినా సరిపోతుంది. ఈ ప్రకటనకైతే తెరిచిన సూట్‌కేసులో బట్టల మధ్య ప్యాకెట్ ఉన్న ఫోటో కావాలి. వేడన్నం, నెయ్యి, ఆవకాయ ముద్ద ఫోటో ఎంత నోరూరించినా ఇక్కడ చెప్పే మాట అది కాదు.

తెలుగు అక్షరాలకి కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి లైన్ల మధ్య ఖాళీ ఇంగ్లీషుకన్నా ఎక్కువ కావాలి. చిన్న సైజులో, నీడ వేసి, అంచులు గీసి పెడితే వత్తులు ముద్దయిపోతాయి. రెండు ఫాంట్లు మించొద్దు. ఇంకో జాగ్రత్త: చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లు వాడతారు. మీరు ఫోన్‌లో టైపు చేసి వాట్సాప్‌లో పంపిన మ్యాటర్ యూనికోడ్ అనే వేరే పద్ధతిలో ఉంటుంది, అది అందులోకి నేరుగా పోదు, చాలాసార్లు మళ్ళీ టైపు చేస్తారు. తప్పులు దొర్లేది అక్కడే. ప్రూఫ్‌ని కాగితం మీద తీసి చదవండి, అందులో ఉన్న ఫోన్ నంబరుకి మీరే డయల్ చేసి చూడండి.

వీడియో చేస్తుంటే యాంకర్‌ని వెతుక్కోకండి, వీలైతే మీరే మాట్లాడండి. లలితా జ్యువెలరీ ప్రకటనలు తెలుగువాళ్ళందరికీ తెలుసు. యజమాని కిరణ్ కుమార్ స్వయంగా కెమెరా ముందుకొచ్చి "డబ్బులు ఎవరికీ ఊరికే రావు" అంటారు. నగ ధర వివరాలు ఫోటో తీసుకుని వేరే షాపులో పోల్చుకోమంటారు. ఆయన తెలుగు యాంకర్ తెలుగులా ఉండదు, అయినా జనానికి గుర్తుండిపోయింది. బంగారం కొనేవాళ్ళకి ఉండే పెద్ద భయం తరుగు, మజూరీ పేరుతో మోసపోతామేమోనని. ఆయన ఆ భయం దగ్గరే మొదలుపెట్టి, సరిచూసుకునే దారి చూపించారు. మీరు నేర్చుకోవలసింది ఆ పద్ధతి, ఆ యాస కాదు. ఆయన్ని అనుకరిస్తూ చేసిన వీడియోలు ఆయన్నే గుర్తుచేస్తాయి తప్ప మీ షాపుని కాదు.

6. ఎక్కడ వేయాలి

ఒకే మ్యాటర్‌ని అన్నిచోట్లా అతికించకండి. ప్రతి చోటుకీ దాని లెక్క ఉంటుంది.

రోడ్డు పక్క ఫ్లెక్సీని బండి మీద పోయేవాళ్ళు రెండు మూడు సెకన్లు చూస్తారు. ఆరేడు మాటలు, ఒక ఫోటో, చోటు చెప్పే ఒక గుర్తు చాలు. బండి నడుపుతూ ఎవరూ ఫోన్ నంబరు రాసుకోరు, "పెట్రోల్ బంకు ఎదురుగా" అంటే గుర్తుంటుంది. మున్సిపాలిటీ అనుమతి లేకుండా కడితే తీసేస్తారు, జరిమానా కూడా పడొచ్చు.

ఆటో మైకు ప్రచారానికి ఇంకో సూత్రం. ఆటో కదులుతూ ఉంటుంది, ఇంట్లో ఉన్నవాళ్ళకి మధ్యలోంచి కొన్ని సెకన్లే వినిపిస్తుంది. కథలా మొదలుపెట్టి చివర్లో షాపు పేరు చెబితే సగం వీధికి పేరు చేరదు. ప్రతి రెండు వాక్యాలకి ఒకసారి వస్తువు, పేరు, చోటు రావాలి.

పేపర్లో పెట్టి పంచే కరపత్రం ఇప్పటికీ బాగా పనిచేస్తుంది, ముఖ్యంగా పెద్దవాళ్ళు ఉన్న కాలనీల్లో. మన ఉదాహరణలోని తల్లిదండ్రులు పొద్దున్నే కాఫీతో పేపరు చదివేవాళ్ళే. ఊరంతా పంచకుండా, ఏజెంటుతో మాట్లాడి రెండు మూడు కాలనీలు ఎంచుకోండి.

వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం. అందులో ధరలతో క్యాటలాగ్ పెట్టొచ్చు, తరచూ అడిగే ప్రశ్నలకి జవాబులు సిద్ధం చేసుకోవచ్చు. ఒకేసారి చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మాత్రం మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే వెళ్తుంది, కాబట్టి కొన్న ప్రతివాళ్ళనీ నంబరు సేవ్ చేసుకోమని అడగండి. అడక్కుండా గ్రూపుల్లో చేర్చకండి, రోజూ "శుభోదయం" పంపకండి. బ్లాక్ చేస్తే మళ్ళీ దారి ఉండదు.

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో డబ్బు కట్టి ప్రకటన వేస్తే ఊరు, వయసు ఎంచుకోవచ్చు. పోస్టుని డబ్బు కట్టి ఎక్కువమందికి చూపించే "బూస్ట్" బటన్ నొక్కేముందు ఏ ఊళ్ళకి వెళ్తుందో తప్పకుండా చూడండి. చాలామంది సౌండ్ లేకుండా చూస్తారు కాబట్టి తెర మీద తెలుగు అక్షరాలు ఉండాలి, మొదటి సెకన్లలోనే సూట్‌కేసు కనిపించాలి. ఈ రెండింటినీ నడిపే మెటా కంపెనీవాళ్ళ యాడ్ లైబ్రరీ అనే పేజీలో ఇతర పచ్చళ్ళవాళ్ళు ఇప్పుడు ఏ ప్రకటనలు నడుపుతున్నారో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. నెలల తరబడి ఆపకుండా నడుస్తున్నది కనిపిస్తే దాన్ని శ్రద్ధగా చదవండి.

గూగుల్ మ్యాప్స్‌లో షాపు వివరాలు, వేళలు సరిగా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

7. ఎప్పుడు వేయాలి

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టే బట్టల షాపులు ఆ నెలలో తగ్గింపులు పెడతాయి, శ్రావణం రాగానే వ్రతాలు, ముహూర్తాల హడావిడి మొదలవుతుంది. ప్రతి వ్యాపారానికీ ఇలాంటి క్యాలెండర్ ఒకటి ఉంటుంది. అమెరికా కాలేజీలు ఆగస్టులో తెరుస్తారు కాబట్టి సూట్‌కేసు ప్రకటన జూన్ చివరలో మొదలుపెట్టి జూలై అంతా నడపాలి. డిసెంబరులో జనవరి సెమిస్టర్‌వాళ్ళ కోసం మళ్ళీ వేయొచ్చు. ఇంటి గృహిణుల ప్రకటన మాత్రం ఏప్రిల్, మే నెలల్లో, మార్కెట్లో పచ్చి మామిడికాయ కనిపిస్తున్నప్పుడు వేయాలి.

8. ప్రింటుకి ఇచ్చేముందు చట్టం

చిన్నవాళ్ళం, మనల్నెవరు అడుగుతారు అనుకోకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల రూపాయల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. 2022లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, తగినంత సరుకు లేకుండా తక్కువ ధర చూపించి జనాన్ని రప్పించడం తప్పు. పెద్ద అక్షరాల్లో ఇచ్చిన మాటని చిన్న అక్షరాల షరతుతో తిప్పేయడమూ తప్పే.

తినే వస్తువులవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. "ఉసిరికాయ పచ్చడి తింటే షుగర్ తగ్గుతుంది" అని రాయొద్దు. షుగర్ లాంటి జబ్బులు నయమవుతాయని మందులకి ప్రకటన ఇవ్వడాన్నే 1954 చట్టం నిషేధించింది, పచ్చడికి ఆ మాట అసలే చెల్లదు. "సహజం", "స్వచ్ఛం", "సంప్రదాయ" లాంటి మాటలు ఎప్పుడు వాడొచ్చో ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నిబంధనల్లో ఉంది, ఒకసారి చూసుకోండి. డబ్బో, ఉచితంగా సరుకో ఇచ్చి ఇన్‌ఫ్లుయెన్సర్ చేత వీడియో చేయిస్తే అది ప్రకటన అని వీడియోలో స్పష్టంగా చెప్పాలి. సినిమా హీరో ఫోటో, సినిమా పాట అనుమతి లేకుండా వాడకండి.

9. లెక్క చూడండి

ఏ ప్రకటన పనిచేసిందో తెలియకపోతే వచ్చే ఏడాది మళ్ళీ అంచనాలే. రెండు రకాల కరపత్రాలు వేసి, రెండు కాలనీల్లో పంచండి. ఒకదాని మీద "ఈ కాగితం ఫోటో పంపితే 50 గ్రాముల కారప్పొడి ఉచితం" అని, రెండోదాని మీద అదే మాటతో పై లైను మాత్రం మార్చండి. ఒకేసారి ఫోటో, ధర, పై లైను అన్నీ మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.

లెక్క ఇలా వేయండి. కరపత్రాలకి, పంచడానికి కలిపి 6,000 రూపాయలు అయిందనుకుందాం. 40 మంది కొన్నారు. అంటే ఒక్కో కస్టమర్‌కి 150 ఖర్చయింది. ఒక్కొక్కరి కొనుగోలు మీద మీకు మిగిలింది 200 అయితే ఇప్పటికే లాభం. మిగిలింది 120 అయితే మొదటిసారికి 30 నష్టం, కానీ వాళ్ళే మళ్ళీ కొంటారా అన్నది చూడాలి. ఎవరు రెండోసారి వచ్చారో నోటుబుక్కులో గుర్తు పెట్టుకోండి. ఉచిత కారప్పొడి ఖర్చు, కొరియర్ ఖర్చు కూడా కలపండి, చాలామంది అక్కడే తమని తాము మోసం చేసుకుంటారు. లైకులు, వ్యూలు ఈ లెక్కలోకి రావు.

ప్రకటన బయటికి వెళ్ళిన రోజు ఫోన్ ఎత్తే మనిషి, వాట్సాప్ చూసే మనిషి ఉండాలి. ప్యాకింగ్ పొరలు, సరుకు ముందే సిద్ధం చేసుకోండి.

చివరిగా, పనిచేస్తున్న ప్రకటనని మీకు విసుగొచ్చిందని మార్చకండి. మీరు దాన్ని రోజూ చూస్తారు, కస్టమర్ ఒకటో రెండో సార్లు చూస్తాడు. అమూల్ బొమ్మపాప 1966 నుంచి హోర్డింగుల మీద ఉంది. పక్కన మాటలు ఎప్పటికప్పుడు మారతాయి, చుక్కల గౌనులో ఉన్న పాప అలాగే ఉంటుంది. మీ పేరు రాసే తీరు, రంగు, గుర్తు స్థిరంగా ఉంచి, లోపలి మాటని మాత్రం గుంపుని బట్టి మార్చండి. సూట్‌కేసు ప్రకటన జూలైతో ముగిశాక నోటుబుక్కు మళ్ళీ తెరవండి. వెల్లుల్లి లేని ఆవకాయ అడిగినవాళ్ళు అందులో ఇంకా ఎదురుచూస్తున్నారు.